పందొమ్మిది సెకన్ల తిట్లు

2015వ సంవత్సరం, కార్తీకమాసం. చీపురుపల్లిలో స్టేషనుకి వెళ్ళే రోడ్డు మీద మాకొక సెల్ షాపు ఉండేది. షాపంటే పెద్దదేం కాదు. ఒక కంప్యూటరు, ఒక అద్దాల బీరువా, రెండు స్టూళ్ళు, గోడకి సింహాద్రి అప్పన్న పటం. మా ఆయన గరివిడిలో ఫ్యాక్టరీ పనికి కుదిరిన దగ్గర్నుంచి పగలంతా షాపులో నేనే కూర్చునేదాన్ని.

నేను బడి గడప తొక్కినదాన్ని కాదు. మా నాన్న భజన పుస్తకాలు ముందు పెట్టుకుని ఇంట్లోనే అక్షరాలు దిద్దించారు. ఇంగ్లీషు అక్షరాలు పెళ్ళయ్యాక మా ఆయన కీబోర్డు మీద నేర్పారు. అందుకే నాకు ఇప్పటికీ ‘ఎ’ తర్వాత ‘బి’ రాదు, ‘ఎస్’ వస్తుంది. ఈ నాలుగు ముక్కలు రాయగలుగుతున్నానంటే ఆ ఇద్దరి చలవే.

అప్పట్లో మా ముఖ్యమైన పని ‘లోడింగ్’. ఫోన్లలో ఇంటర్‌నెట్ ఇంకా ఊరూరా పాకని రోజులు. జనం గోరంత మెమరీ కార్డు పట్టుకొచ్చేవారు. కంప్యూటర్లో ఉన్న పాటలు, సినిమాలు వాళ్ళు అడిగినవి అందులోకి ఎక్కించి ఇచ్చేవాళ్ళం. సినిమాలు అలా ఎక్కించడం చట్టం ఒప్పదన్న సంగతి మాకు ఆలస్యంగా తెలిసింది. తెలిశాక మానేశాం.

నాకొక అలవాటుండేది. ఏ కార్డు వచ్చినా, వాళ్ళు అడిగినా అడక్కపోయినా, ముందుగా ఒక దేవుడి పాట ఎక్కించేదాన్ని. దానికి 001 అని నంబరు వేసేదాన్ని, ఫోనులో అన్నిటికంటే పైన ఉండాలని. మా ఆయన దాన్ని బోణీ పాట అని వెక్కిరించేవారు. ఒకసారి ఒక కోడలు పిల్ల వచ్చి, “మా మావ బజారుకి ఎల్తూ పాటలెడితే సాలు, ముందు శివనామం వస్తన్నాది అక్కా. సైకిలు ఆపి దండం పెట్టి మరీ ఎల్తన్నాడు” అని నవ్వింది. ఆ మాటకి వారం రోజులు సంతోషంగా ఉన్నాను.

రెండో అలవాటు, ‘ఆ రకం’ సినిమాలు ఎక్కించకపోవడం. ఆ సంగతి ఊళ్ళో అందరికీ తెలుసు. దానికి నాలో నేను కొంచెం గర్వపడేదాన్ని కూడా.

ఆ రోజు సంత. షాపు నిండా మనుషులు. మాల వేసుకున్న స్వాములు ఇద్దరు, కాలేజీ పిల్ల ఒకర్తి, విత్తనాల సంచీ పక్కన పెట్టుకుని ఒక రైతు. ఇంతలో మెట్టు మీద ఎండుచేపల గంప దించి, ఒక ముసలామె లోపలికి తొంగి చూసింది. ముక్కుకి రెండు పక్కలా పుడకలు, మోచేతి దాకా పచ్చబొట్లు.

“పాపా! మంచం కిర్రుమంది ఉన్నాదా?”

ఈ పేరు రాయడానికి చెయ్యి ఇప్పుడూ కొంచెం వెనకాడుతుంది. కానీ రాయకపోతే జరిగింది చెప్పలేను. అది సినిమా పేరు. అప్పటికి ఎనిమిదేళ్ళో తొమ్మిదేళ్ళో కిందట ఎవరో చిన్న కంపెనీవాళ్ళు మా జిల్లా సముద్రం ఒడ్డున తీసిన హాస్యచిత్రం. హాస్యమంటే ఎలాంటి హాస్యమో పేరే చెబుతుంది. మా ఊరి హాల్లో నాలుగు రోజులాడింది. గోడల మీద పోస్టరు మాత్రం నాలుగు నెలలుంది. దోమతెర, మంచం కిందనుంచి బయటికొచ్చిన రెండు మగ పాదాలు. ఆ గోడ దగ్గరికి వచ్చేసరికి నేను కొంగు అడ్డం పెట్టుకుని నడిచేదాన్ని. సినిమా చూడలేదు.

“ఏటమ్మా?” అన్నాను, విననట్టు.

“మంచం కిర్రుమంది. సినిమా. ఇందల ఎక్కించు” అని చిన్న ఫోను చాచింది.

స్వాములిద్దరూ మొహాలు తిప్పుకున్నారు. కాలేజీ పిల్ల చున్నీ నోటికి అడ్డం పెట్టుకుంది. రైతు మాత్రం పగలబడి నవ్వేశాడు.

“ఏటి ముసలమ్మా, ఈ వయసుల నీకు మంచం సినిమా గావాలా?”

“నీ మంచం గోల నానడిగినానేట్రా? నోరు ముయ్యి. పాపతోటి మాటాడతన్నాను.”

నవ్వులు ఇంకా పెరిగాయి. నాకు ఒళ్ళంతా సెగ పుట్టింది. మాల వేసుకున్నవాళ్ళ ముందు, మా అప్పన్న పటం ముందు ఈ మాటలేమిటి?

“అలాంటివి ఇక్కడ ఉండవమ్మా.”

“ఉన్నాదని ఆటో పైడిరాజు సెప్పినాడు. మీ ఆయనే ఆడికి ఎక్కించినాడట. ఒకపాలి సూడు.”

“లేదన్నానా? మనవలున్న వయసు. కొంచెం సిగ్గుండాలి.”

“నాకు సినిమా కోసం కాదే పాపా, అందల...”

“అందులో ఏముందో నాకు తెలుసు. దిగు. మెట్టు దిగు ముందు.”

ఆమె గంప ఎత్తుకుంది. ఎత్తుకుని, రోడ్డు అవతలి టీ కొట్టు దాకా వినిపించేలా అంది. “ఏటి తెలుసే నీకు? సూసినావా? సూడకుండానే తెలిసిపోనాదా? గోడకి దేవుడినెట్టుకుంటే సరిపోద్దేటే?”

ఆ గొంతు మామూలు గొంతు కాదు. అలల మోత మీదుగా పడవ మీదున్నవాళ్ళని పిలిచి పిలిచి సానబట్టిన గొంతు. చాలాసేపు నా చెవుల్లోనే ఉండిపోయింది.

మధ్యాహ్నం షాపు ఖాళీ అయ్యాక కంప్యూటరంతా గాలించాను. ‘మిక్స్’ అని పేరు పెట్టిన ఫోల్డరులో దొరికింది. ఫోల్డరంటే కంప్యూటర్లో సంచీ లాంటిది. మా ఆయన నాకు తెలియకుండా దాచిన సంచీ. సినిమా మీద బాణం గుర్తు పెట్టి షిఫ్ట్-డిలీట్ కొట్టాను. మామూలుగా చెరిపితే ఆ ఫైలు చెత్తబుట్టలో ఉంటుంది, కావాలంటే వెనక్కి తెచ్చుకోవచ్చు. షిఫ్ట్ నొక్కి చెరిపితే బుట్టలో కూడా ఉండదు. ఒక్క నిమిషం కూడా తెరిచి చూడలేదు. చెరిపి, చేతులు కడుక్కుని, పటం ముందు దీపం పెట్టాను. మనసు హాయిగా అనిపించింది.

ఆ సాయంత్రమే విజయనగరం నుంచి కొత్త పాటల హార్డ్ డిస్కు వచ్చింది. కార్తీకంలో శివుడి పాటలకీ, మాలధారణ పాటలకీ గిరాకీ ఎక్కువ. కంప్యూటర్లో ఎప్పుడూ చోటు చాలేది కాదు. ఆ రోజు మాత్రం సరిగ్గా ఆ సినిమా ఖాళీ చేసిన మేరకు చోటుంది. దేవుడే చోటు చూపించాడనుకుని పాటలన్నీ అందులో పోశాను.

మళ్ళీ సంతకి ఆమె వచ్చింది. మిట్టమధ్యాహ్నం, ఎవరూ లేని వేళ చూసి వచ్చింది. లోపలికి రాలేదు. మెట్టు మీదే కూర్చుంది.

“ఎవులూ నేరు కదా అని వచ్చినాను. కోపంల నాలుగు అనేసినాను. ఏటీ అనుకోకు పాపా” అంది. తిట్టి పంపిందాన్ని నేను, మాట కలిపింది ఆమె.

పేరు ఎర్రమ్మ అని చెప్పింది. కోనాడ వైపు సముద్రం ఒడ్డు ఊరు. ఎండుచేపలు సంతలకి తెచ్చి అమ్ముకుంటుంది. నేను మంచినీళ్ళిచ్చాను. తాగి, ఏదో అప్పగిస్తున్నట్టు చెప్పుకొచ్చింది.

ఆమె కూతురు నూకరత్నం. సినిమావాళ్ళు వాళ్ళ ఊరి ఒడ్డున దిగినప్పుడు, తూకంలో మోసం చేసిన చేపల ఏజెంటుని నూకరత్నం ఇసకలో నిలబెట్టి తిడుతోందట. డైరెక్టరు విన్నాడు. మర్నాడు ఆమెనే పిలిచి, హీరో ఎవరికో దొరక్కుండా పారిపోతూ నీ చేపల గంపలో దాక్కుంటాడు, నువ్వు తిట్టాలి అన్నాడు. నూకరత్నానికి అంతకంటే సులువైన పని ఏముంది? ఒక్క టేకులో తిట్టేసింది. తర్వాత డబ్బింగ్ దగ్గర, అంటే బొమ్మకి మాటలు మళ్ళీ చెప్పించే చోట, హైదరాబాదు ఆడవాళ్ళెవరికీ ఆ తిట్లు నోరు తిరగలేదట. మళ్ళీ ఆమెనే రైలెక్కించి తీసుకెళ్ళారు.

“అద్దాల గదిల కూకోబెట్టి, కాఫీ ఇచ్చి మరీ తిట్టించుకున్నారే అమ్మా, అని వచ్చి సెప్పినాది. ఊరంతా తిరిగి సెప్పుకున్నాది. సినిమా బాబులు నా తిట్లకి కాఫీ ఇచ్చినారు అని.” ఎర్రమ్మ నవ్వింది. నవ్వుతూనే ఆగిపోయింది.

“తరవాత బొమ్మ గోడలెక్కినాది. ఆ మంచం, ఆ పేరు. దాన్ని మంచం రత్నం అని పిలిసినారు మా ఊళ్ళో. నా గుమ్మం తొక్కొద్దన్నాను. ఏడాది మాటాడనేదు. అప్పుడు సీడీ పట్టుకొచ్చినాది. అమ్మా, ఒకపాలి సూడే. నాను తిడతానంతే. నీనాగే తిడతాను, అన్నాది. ఆ సినిమా మాట నా సెవిని ఎట్టొద్దన్నాను. మల్లీ కలిసిపోయినాం, కానీ అది సీడీ మాట ఎత్తనేదు, నాను అడగనేదు.”

రెండేళ్ళ కిందట చేపల ఆటో బోల్తా పడి నూకరత్నం పోయింది. తరవాత తుఫానులో ఇల్లు మునిగి ఆ సీడీ కూడా పోయింది.

“ఫొటో కూడా లేదా అమ్మా?” అన్నాను.

“రేషన్ కార్డు మీద ఉన్నాది. అందల నోరు మూసుకుని ఉన్నాది. నా కూతురు నోరు మూసుకున్న రోజు ఒక్కటీ నేదు పాపా. అది నా కూతురు కాదు.” ఫోను నా వైపు చాచింది. “ఇప్పుడు సూస్తానే. సిగ్గెందుకు? ఉన్నాదా?”

అబద్ధం చెప్పాలనిపించింది. చెప్పలేకపోయాను.

“ఉండేదమ్మా. మొన్న నువ్వెళ్ళాక తుడిచేశాను.”

“తుడిసేస్తే ఏటి? మల్లీ రాయి.”

పలక మీద రాత అనుకుంది పాపం. నేను తల దించుకున్నాను. కాసేపటికి ఆమెకి అర్థమైంది. ఒక్క మాట అనలేదు. పోయిన సంతకి అన్ని మాటలన్న మనిషి గంప ఎత్తుకుని వెళ్ళిపోయింది.

మా ఆయన డ్యూటీ దిగి రాగానే అంతా చెప్పాను.

“చూడకుండా తుడిచేసేవేటే?” అన్నారు.

“చూస్తే తప్పనుకున్నాను.”

“మరి నువ్వు చూడనిది తప్పుదని ఎలాగ తెలిసింది?”

ఎర్రమ్మ మాటే. అంతలో ఆయనే కొంచెం తేరుకుని, “తుడిచినంత మాత్రాన పోదులే. కంప్యూటరు పేరు మాత్రమే కొట్టేస్తాది. అసలు సరుకు అక్కడే ఉంటాది, దాని మీద ఇంకోటి రాసేదాకా” అన్నారు.

“రాసేశాను” అన్నాను.

“ఏటి రాసేవు?”

“కార్తీక పాటలు.”

ఆయన కోప్పడలేదు. కంప్యూటరు స్విచ్చి కట్టేసి, ఇంక దీన్ని ముట్టుకోకు అన్నారు. ఆయన ఆ సినిమా ఎక్కించుకున్న సీడీ మూతపడిపోయిన అద్దె సీడీల షాపుది. ఆ షాపాయన ఇంటికి వెళ్ళి అడిగితే, మిగిలిన సీడీలన్నీ పాత సామాన్లవాడికి ఇచ్చేశామన్నారు.

మర్నాడు కంప్యూటర్లోంచి హార్డ్ డిస్కు ఊడదీసి, తువ్వాలులో చుట్టి, చంటిపిల్లలా ఒళ్ళో పెట్టుకుని విజయనగరం బస్సెక్కాను. మూడు లాంతర్ల జంక్షను దగ్గర మేడ మీద రికవరీ చేసే ఆయన ఉన్నారని చెప్పారు. రికవరీ అంటే చెరిగిపోయినవాటిని వెతికి తీయడం. గది నిండా మనుషులు. పెళ్ళి వీడియో పోయిందని ఒకరు, ఆఫీసు లెక్కలు పోయాయని ఒకరు.

“మీదేం ఫైలమ్మా? పెళ్ళి వీడియోనా?” అన్నారాయన.

“సినిమా అండీ.”

“సినిమాకి రికవరీ ఎందుకమ్మా? బయట దొరుకుతుంది కదా. ఏ సినిమా?”

పెద్ద బొట్టు, మెడలో తులసిపూసల దండ, ఒళ్ళో తువ్వాలు మూట. అలా కూర్చున్నాను. నోటితో చెప్పలేక కాగితం మీద రాసి ఇచ్చాను. ఆయన నా రాత పోల్చుకోడానికి ఒక్కో అక్షరం కూడబలుక్కుంటూ గట్టిగా చదివేశారు. “మం...చం... కిర్రు...మంది.”

గది గొల్లుమంది. “ఏటి మేడమ్, అంత అర్జెంటా?” అని వెనకనుంచి ఎవరో అన్నారు. మళ్ళీ నవ్వులు.

ఎర్రమ్మ మా మెట్టు మీద నిలబడ్డ చోటు ఎలా ఉంటుందో అప్పుడు తెలిసింది. ఆమెకైనా తిరిగి అనడానికి గొంతుంది. నాకు అదీ లేదు. కానీ ఇక్కడ దిగి వెళ్ళిపోతే ఇంక ఎప్పటికీ రాలేనని తెలుసు. “అందులో ఒక తల్లికి చచ్చిపోయిన కూతురి గొంతుందండీ. అది కావాలి” అన్నాను. నవ్వులు ఆగిపోయాయి. ఆ రికవరీ ఆయన చేతిలో ఉన్న పని పక్కన పెట్టి, నా దగ్గర డిస్కు రెండు చేతులతో అందుకున్నారు. ఆయన చల్లగా ఉండాలి.

నాలుగు రోజుల తర్వాత రమ్మన్నారు. మా ఆయన, నేను వెళ్ళాం.

“పైన చాలా రాసేశారమ్మా. ముక్కలు ముక్కలు దొరికాయి” అని ఒక్కో ముక్కా పెట్టి చూపించారు. ఒకదాంట్లో ఎవరో పరిగెడుతున్నారు, బొమ్మ సగంలో చిరిగిపోయింది. ఒకదాంట్లో సముద్రం. ఒకదాంట్లో ఇద్దరు కమెడియన్ల తగువు. ఒకదాంట్లో మధ్యలో హఠాత్తుగా నా శివనామం వినిపించింది. నేను రాసిందే. ఆ పాట అన్నేసిసార్లు విన్నాను గానీ అంత చేదుగా ఎప్పుడూ వినలేదు.

చివర్న ఒక ముక్క. బొమ్మ లేదు. తెర నిండా ఆకుపచ్చ గళ్ళు. వాటి వెనకనుంచి గొంతు.

“ఒరే! ఒరే సచ్చినోడా! నా గంపల దూరతావేట్రా? గంపకీ మంచానికీ తేడా తెల్దేట్రా నీకు? ఇంత మగోడివి, కవ్వళ్ళ సేపల మజ్జిన తొంగుంటావేట్రా? దిగు! దిగు ముందు!”

పందొమ్మిది సెకన్లు. ఇదేనా అని రికవరీ ఆయన అడగబోయారు. అడగక్కర్లేదు. ఆ గొంతు నేను మా మెట్టు మీద విన్నదే. నీలాగే తిడతాను అన్న కూతురు నిజమే చెప్పింది.

నాకు మొదట నవ్వొచ్చింది, ఆ తర్వాత ఏడుపొచ్చింది. ఎన్నిసార్లు కొంగు అడ్డం పెట్టుకు నడిచాను! అందులో మిగతా సినిమా ఎలాంటిదో నాకు తెలియదు. బహుశా నేను అనుకున్నట్టే ఉంటుందేమో. అయినా దాని మధ్యలో ఒక ఆడమనిషి తన గంప కోసం, తన నోటితో, అద్దాల గదిలో కాఫీ తాగి తిట్టిన తిట్లున్నాయి. వాటిలో తప్పేముంది?

తరవాత సంతకి ఎర్రమ్మ మా వీధిలోకి రాలేదు. నేనే షాపు మూసి, చేపల వరసలోకి వెళ్ళి వెతుక్కున్నాను. నన్ను చూసి కూడా తల తిప్పుకుని కవ్వళ్ళు పేరుస్తూ ఉండిపోయింది. పక్కన కూర్చుని ఆ ముక్క ఎక్కించిన నా ఫోను ఆమె చెవి దగ్గర పెట్టాను.

చెయ్యి ఆగిపోయింది. అయ్యేదాకా కదలలేదు.

“మాటొచ్చినాది. మొకం రానేదా?”

“రాలేదమ్మా. నేనే పోగొట్టాను.”

“ఇంకోపాలి ఎట్టు” అంది. రెండోసారి విన్నది. మూడోసారి విన్నది. నాలుగోసారి, “దిగు ముందు” అని కూతురు అరవగానే, ఫోను వైపు తిరిగి మెల్లిగా అంది. “దిగుతాడ్లేవే. ఎందుకలగ అరుస్తావు? గొంతు పోద్ది.”

పక్క గంప దగ్గరామె, “ఎవులే ఎర్రమ్మా, నీతో తగువా?” అని అడిగింది.

“నా కూతురే. సినిమాల” అంది ఎర్రమ్మ. గట్టిగానే అంది. “మంచం కిర్రుమంది సినిమాల.”

ఆమెని షాపుకి తీసుకొచ్చి కార్డు పెట్టాను. చెయ్యి అలవాటుగా ముందు దేవుడి పాట మీదకి వెళ్ళింది. ఆపుకున్నాను. ఆ పందొమ్మిది సెకన్లకి 001 అని నంబరు వేశాను.

“దేవుడి పాట వెయ్యవేటి? అందరికీ వేస్తావట కదా?”

“తర్వాత వేస్తానమ్మా. రెండోది” అన్నాను. పటం వైపు చూశాను. అప్పన్నకి కోపం వచ్చిందని అనిపించలేదు.

ఆ తర్వాత ఎర్రమ్మ మూడు ఫోన్లు మార్చింది. మార్చిన ప్రతిసారీ నా దగ్గరికే వచ్చింది. నేనే ఎక్కించాను, అదే నంబరుతో. లోడింగులు పోయాయి, ఇప్పుడు మా షాపులో ఫోన్ల రిపేరు మాత్రమే చేస్తాం. ఎవరి ఫోనులో ఏది చెరపాల్సి వచ్చినా, అది ఎంత పనికిరానిదిలా కనిపించినా, తెరిచి చూసి, వాళ్ళని అడిగి, సరే అన్నాకే చెరుపుతాను. ఆ పాఠం నేర్పించినందుకు దేవుడికి దండం పెడతాను గానీ, నేర్చుకోడానికి వాడిన పలక ఇంకొకరిది. ఆ బాధ పోదు. మొకం గురించి ఎర్రమ్మ మళ్ళీ అడగలేదు. ఆమె అడగకపోవడం నాకు ఇంకా కష్టంగా ఉంటుంది.

అందుకే విజయనగరం వెళ్ళినా, శృంగవరపుకోట వెళ్ళినా, పాత సీడీలు పోసుకుని కూర్చున్న కొట్టు కనిపిస్తే ఆగుతాను. చుట్టూ ఎంతమంది ఉన్నా సరే, కొంగు సర్దుకుని, ఆ సినిమా పేరు చెప్పి ఉందా అని అడుగుతాను. నవ్వేవాళ్ళు నవ్వుతారు. ఉన్నదేమో చూడండి బాబూ, అని రెండోసారి ఇంకొంచెం గట్టిగా అడుగుతాను.